భగత్ సింగ్ ‘నేనెందుకు నాస్తికుణ్ణి’ చదవదగిందేనా?

నాస్తికత్వం మీద ఒక్క పుస్తకం చెప్పమంటే మనవాళ్ళలో చాలామంది భగత్ సింగ్ ‘నేనెందుకు నాస్తికుణ్ణి’ పేరే చెబుతారు. అందులో అంత ఏముందని అడిగితే, "ఇరవై మూడేళ్ళకే ఉరికంబం ఎక్కుతూ కూడా దేవుణ్ణి తలవని మనిషి రాసింది కదా!" అంటారు. ఈ జవాబుతోనే నాకు పేచీ.

నేను రక్షణ శాఖ పద్దుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. బిల్లు మీద ఎంత పెద్ద అధికారి సంతకమున్నా వోచరు చూడనిదే పాస్ చెయ్యకూడదన్నది మాకు మొదటి పాఠం. పుస్తకానికైనా అంతే.

ముందు తేదీలు చూద్దాం. 1930 అక్టోబరు మొదట్లో, ట్రిబ్యునల్ తీర్పు రేపో మాపో అన్నట్టున్నప్పుడు, లాహోర్ సెంట్రల్ జైల్లో ఈ వ్యాసం రాశాడు. అక్టోబరు 7న మరణశిక్ష వేశారు, 1931 మార్చి 23న ఉరితీశారు. ఆ సెప్టెంబరు 27న లాహోర్ పత్రిక ‘ది పీపుల్’ దీన్ని అచ్చువేసింది. తర్వాత పెరియార్ ప్రోద్బలంతో పి. జీవానందం తమిళంలోకి తెచ్చి, అందుకు అరెస్టయ్యారు కూడా.

పేరు ప్రతిష్ఠలు తలకెక్కి, పొగరుతో దేవుణ్ణి కాదంటున్నాడని కొందరు మిత్రులు అన్నారు. దానికి జవాబే ఈ వ్యాసం. తాతగారు ఆర్యసమాజీ. డి.ఎ.వి. స్కూలు హాస్టల్లో ఉన్నప్పుడు తానూ గాయత్రి జపించినవాడే. తర్వాత బకునిన్, మార్క్స్, లెనిన్‌లను చదివి, 1926 చివరికల్లా దేవుడు లేడన్న నిర్ణయానికి వచ్చానంటాడు. అసెంబ్లీలో బాంబు వేసింది 1929 ఏప్రిల్ 8న. అంటే పేరు రాకముందే నమ్మకం పోయింది. పొగరు అన్న ఆరోపణ తేదీల దగ్గరే వీగిపోతుంది.

ఇక వాదన. సర్వశక్తిమంతుడైతే ఇంత దుఃఖంతో లోకాన్ని ఎందుకు చేశాడు? పేదవాడి ఆకలిని పూర్వజన్మ పాపం ఖాతాలో రాస్తే లాభం ఎవరికి? ఇంగ్లీషువాళ్ళు మనల్ని ఏలుతున్నది దేవుడి ఇష్టం వల్లనా, తుపాకుల వల్లనా? ఈ ప్రశ్నలు ఇప్పటికీ పదునుగానే ఉన్నాయి.

లోపాలూ ఉన్నాయి. సృష్టి ఎలా జరిగిందన్న ప్రశ్నను డార్విన్ పేరు చెప్పి కొద్ది మాటల్లో ముగించాడు. ‘కామన్ సెన్స్’ అనే పుస్తకం నిరాలంబ స్వామిదని రాశాడు. అది సోహం స్వామి రచన, నిరాలంబ స్వామి రాసింది ముందుమాటే.

అసలు విషయం ఇది. ధైర్యంగా చనిపోవడమే రుజువైతే కాకోరీ వీరుల మాటేమిటి? 1927 డిసెంబరులో ఉరికంబమెక్కిన రాంప్రసాద్ బిస్మిల్, రాజేంద్ర లాహిరీ, అష్ఫాఖుల్లా ఖాన్, రోషన్ సింగ్‌లు ఆఖరి రోజు ప్రార్థనల్లో గడిపారు. ఈ సంగతి భగత్ సింగే ఈ వ్యాసంలో రాశాడు. వాళ్ళ ధైర్యం వల్ల దేవుడు ఉన్నట్టు తేలలేదు, ఇతని ధైర్యం వల్ల లేనట్టూ తేలదు. బాబాల మహిమలకు రుజువడిగే మనం అమరుడి సంతకం చూసి బిల్లు పాస్ చేస్తే, వాళ్ళకూ మనకూ తేడా ఏముంది?

కనుక, చదవండి. చిన్న పుస్తకం, ఒక సాయంత్రం చాలు. కుర్రవాళ్ళకు ఇచ్చేటప్పుడు మాత్రం అట్ట మీది ఫోటో చూపించి ఇవ్వకండి, లోపలి ప్రశ్నలు చూపించి ఇవ్వండి.