మాటలు నేర్పే చదువు: తడ నుంచి వెనక్కి చూస్తే

రెండేళ్లు దాటినా బిడ్డకు మాటలు రాకపోతే మన పల్లెల్లో మొదటి వైద్యం వసకొమ్ము. అరగదీసి నాలుకకు రాస్తారు. అప్పటికీ రాకపోతే, వాళ్ల మేనమామ కూడా నాలుగేళ్లకు గానీ మాట్లాడలేదని పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. బిడ్డకు అసలు వినబడుతోందా అన్న ప్రశ్న అన్నిటికన్నా చివర వస్తుంది. భాష నాటుకోవాల్సిన తొలి మూడేళ్లు అప్పటికే గడిచిపోయి ఉంటాయి. ఆ ప్రశ్నను ముందుగా అడగడం నేర్పే విశ్వవిద్యాలయ చదువు ప్రపంచంలో మొదలై నూరేళ్లు దాటింది. అది తమిళనాడు సరిహద్దులోని మా తడ దాకా ఎలా వచ్చిందో, ఎక్కడెక్కడ ఆగిపోయిందో చూడాలి.

1924లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో లీ ఎడ్వర్డ్ ట్రావిస్ మాటల లోపాలను చూసే ఈ రంగంలో డాక్టరేట్ తీసుకున్నాడు. ఆ మరుసటి ఏడాదే అమెరికాలో ఈ రంగంవాళ్లు వృత్తి సంఘం పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో చెవులు దెబ్బతిన్న సైనికుల కోసం వినికిడిని చూసే ఆడియాలజీ వేరే శాస్త్రంగా పెరిగింది. మన దేశానికి మాత్రం వినికిడి, మాట రెండూ ఒకే చదువుగా వచ్చాయి. అది మంచిదే అయింది. చెవి పరీక్షకు ఒక ఊరు, మాటల శిక్షణకు మరో ఊరు తిరిగే స్తోమత మన తల్లిదండ్రుల్లో ఎందరికుంది?

1960లలో బొంబాయి నాయర్ ఆసుపత్రిలో ఈ కోర్సు మొదలైంది. 1965లో మైసూరులో ఒక సంస్థ వెలిసింది. మొదట లోగోపీడిక్స్ సంస్థ అనే పేరుతో ఉండి, కొద్దికాలానికే అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ అయింది. విచిత్రంగా అక్కడ ముందు ఎమ్మెస్సీ పెట్టి, ఆ తర్వాత బీఎస్సీ పెట్టారు. పాఠం చెప్పేవాళ్లే లేని చోట ముందు గురువులను తయారుచేసుకోక తప్పదు కదా. అక్కడ చదివినవాళ్లలో చాలామంది అమెరికాకు వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టలేం. పల్లె ఆసుపత్రిలో వాళ్లకు కుర్చీ వేసినవాళ్లు ఎవరు?

తెలుగునాట ఈ కథకు హైదరాబాదే కేంద్రం. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టారు. ఆ శాఖ స్పీచ్ థెరపీ కోసం పుట్టలేదు. అయినా తెలుగు ధ్వనులనూ మాండలికాలనూ శాస్త్రంగా చూసే చూపు అక్కడ పెరిగింది, స్పీచ్ థెరపిస్టుకు ఆ చూపే ఆధారం. 1977లో సికింద్రాబాదులో స్వీకార్ సంస్థ మొదలైంది. 1983లో బొంబాయిలో పెట్టిన జాతీయ వినికిడి సంస్థకు అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఆయన మన హైదరాబాదీ, ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గా చేసినవాడు, మహారాష్ట్ర గవర్నరుగా ఉండగా పోయినవాడు. ఆ సంస్థ దక్షిణ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌కు వచ్చింది. అక్కడే 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ మొదలైంది. అలా ఒక్క పేటలోనే తెలుగు విద్యార్థికి వినికిడి, మాట, బుద్ధి మాంద్యం అన్నీ చూసే అవకాశం దొరికింది.

అప్పటిదాకా ఈ వైద్యం చేస్తామని ఎవరైనా బోర్డు పెట్టుకోగలిగేవారు. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం దానికి అడ్డుకట్ట వేసింది. రిజిస్టరు కాకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది దాకా జైలు. కోర్సు కూడా ఒక దారికి వచ్చింది. ఇంటర్‌లో బైపీసీ గానీ ఎంపీసీ గానీ చదివినవాళ్లు వినికిడి, మాటల చికిత్స నేర్పే నాలుగేళ్ల డిగ్రీ బీఏఎస్‌ఎల్‌పీలో చేరతారు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. నత్తి, గొంతు మార్పులు, గ్రహణమొర్రి, ఆటిజం, పక్షవాతం తర్వాత మాట పోవడం, ఆఖరికి గుటక పడకపోవడం దాకా అన్నీ చదవాలి. ఇంత పని ఉన్న చదువును మన ఊళ్లలో ఇప్పటికీ ‘చెవి మిషన్ కోర్సు’ అనుకుంటారు.

ఈ చదువు విలువ సామాన్యుడికి తెలిసింది 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీతో. లక్షలు ఖరీదు చేసే కాక్లియర్ ఇంప్లాంట్ పేద పిల్లలకు అందింది. కానీ ఆ పరికరం శబ్దాన్ని నాడికి అందించడంతోనే తన పని ముగిస్తుంది. ఆ శబ్దం మాట కావాలంటే నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి, థెరపిస్టు ముందు తల్లీబిడ్డా కూర్చోవాలి. శస్త్రచికిత్స ఒక్క పూట పని. థెరపీ కోసం తల్లి కూలి మానుకుని, బస్సెక్కి, మళ్లీ మళ్లీ రావాలి. మధ్యలో మానేసిన బిడ్డ చెవి వెనక యంత్రం ఉన్నా లేనట్టే. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జిల్లాకొక సత్వర చికిత్సా కేంద్రం ఉండాలంది, అందులో ఈ చదువు చదివినవాళ్లు ఉండాలంది. గిరాకీ అలా పెరిగిన మరుసటి ఏడాదే, 2014లో, రాష్ట్రం విడిపోయింది. మనోవికాస్ నగర్ పక్క రాష్ట్రానికి పోయింది.

తడవాళ్లకు అప్పటికే హైదరాబాదు దాదాపు ఆరు వందల కిలోమీటర్లు. మద్రాసు అయితే అరవై చిల్లర. సూళ్లూరుపేట లోకల్ ఎక్కితే సెంట్రల్, అక్కడి నుంచి పోరూరులో శ్రీరామచంద్ర. కాస్త దూరమైనా ఫర్వాలేదనుకుంటే వేలూరు సీఎంసీ. మంచి చదువే. కానీ అక్కడ విద్యార్థి చూసే రోగుల్లో ఎక్కువమంది తమిళులు. పులికాట్ ఒడ్డున పెరిగిన పిల్లాడు ‘ఎక్కడ’ అనకుండా ‘యాడ’ అంటే అది ఉచ్చారణ దోషమా, ఊరి మాటా? ‘భయం’ అనలేక ‘బయం’ అంటే ఒత్తు పలకలేకపోయాడా, ఇంట్లో అందరూ అలాగే అంటారా? యానాది బిడ్డకు చూపించే బొమ్మల పుస్తకంలో వాడు ఎప్పుడూ చూడని వస్తువులుంటే పరీక్ష దేనిని కొలిచినట్టు? ఇవన్నీ తెలుగు పిల్లల మధ్య కూర్చుని క్లినికల్ గంటలు గడిపితేనే తెలిసే సంగతులు. తడలో చాలా ఇళ్లలో తెలుగూ తమిళమూ కలిసే నడుస్తాయి కాబట్టి ఇక్కడ పని చేసేవాళ్లకు రెండూ కావాలి. మద్రాసు శిక్షణ అందులో సగం ఇస్తుంది.

మిగతా సగం ఇవ్వగల వనరులు దగ్గర్లోనే ఉన్నాయి. మానసిక వికలాంగుల కోసం సికింద్రాబాదులో పెట్టిన జాతీయ సంస్థ కింద నడిచే పునరావాస కేంద్రం, కాంపోజిట్ రీజినల్ సెంటర్, నెల్లూరులో ఉంది. 2022 ఏప్రిల్‌లో తడ నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఆ తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. దేవస్థానం నడిపే బధిరుల పాఠశాల, వినికిడి లేని పసిపిల్లలకు తల్లులతో కలిపి శిక్షణ ఇచ్చే శ్రవణం ప్రాజెక్టు ఉన్నాయి. పక్షవాతం వార్డు, పసిబిడ్డల తరగతి, బడి, అన్నీ ఒకే ఊళ్లో ఉండడం చాలా నగరాలకు లేని వసతి. మైసూరులో చదివినా, పోరూరులో చదివినా, తెలుగు విద్యార్థి ఇంటర్న్‌షిప్ ఏడాదిలో కనీసం మూడు నెలలు తిరుపతిలో గడిపేలా విశ్వవిద్యాలయాలు ఒప్పందం చేసుకోవాలి. ఆ మూడు నెలల స్టైపెండు రాష్ట్ర ప్రభుత్వం భరించాలి. సత్వర చికిత్సా కేంద్రాల పోస్టులు భర్తీ చేసేటప్పుడు ఆ అనుభవానికి మార్కులు కలపాలి.