వింటి పిడికి ఏ కలప? – అండమాన్ పడౌక్ చెప్పే చరిత్ర

మన వార్షిక సంచికలో యుద్ధాల గురించి, రెజిమెంట్ల గురించి, ఓడల గురించి రాసే మిత్రులు ఎలాగూ ఉంటారు. నేను మాత్రం ఒక చెక్కముక్క గురించి రాద్దామని కూర్చున్నాను. చెక్కముక్కకి చరిత్రేమిటని నవ్వుకోకండి. పదిహేను అంగుళాల చెక్కముక్కలో ఒక దీవి చరిత్ర, ఒక యుద్ధవిద్య చరిత్ర, ఒక చట్టం చరిత్ర ఇమిడిపోయి ఉన్నాయి.

పోర్ట్ బ్లెయిర్ ఊరి నుంచి గారాచర్మ వైపు వెళ్ళే దారిలో ఉన్న బతు బస్తీ మనలో చాలామందికి తెలిసిన చోటే. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మారింది కానీ, నా నోటికి ఇంకా పోర్ట్ బ్లెయిరే వస్తుంది. ఇక్కడ బజారులోకి వెళ్తే తెలుగు వినపడకుండా ఇంటికి రాలేం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు సుమారు 13 శాతం. ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్ళే. సర్వీసులో రెండుసార్లు ఇక్కడికి పోస్టింగ్ వచ్చి, రిటైరయ్యాక బతు బస్తీలోనే స్థిరపడ్డవాణ్ణి నేను.

అమెరికాలో ఉన్న మా అక్కయ్య కొడుక్కి సంప్రదాయ విలువిద్య మీద మోజు పుట్టింది. చక్రాలూ కప్పీలూ లేని, చేత్తో చెక్కిన చెక్క విల్లు ఒకటి ఆర్డరిచ్చాడు. తయారుచేసే ఆయన పిడికి ఏ కలప కావాలో తేల్చుకోమని పెద్ద జాబితా పంపాడట. మేపుల్, వాల్‌నట్, బుబింగా, పర్పుల్‌హార్ట్, పడౌక్ అని. వాడు ఫోన్ చేసి, "మామయ్యా, పడౌక్ మీ ఊరి చెట్టేగా! ఎర్రగా చాలా బావుంటుందట. ఇక్కడ దాన్ని ఎక్కడో దూరదేశపు అరుదైన కలప అంటున్నారు. మీరే ఒక ముక్క సంపాదించి పంపకూడదా?" అన్నాడు. మనకి తలుపు చెక్క, వాళ్ళకి అపురూపమైన దినుసు! వాడికి చెప్పిన జవాబునే కాస్త పెంచి ఇక్కడ రాస్తున్నాను.

ముందు పిడి అంటే ఏమిటో చూద్దాం. విల్లుకి పైనా కిందా వంగే రెక్కలు రెండు, మధ్యలో వంగని భాగం ఒకటి. ఆ వంగని భాగాన్నే ఇప్పటి విలుకాళ్ళు రైజర్ అంటారు. మన పూర్వులకీ ఇది వేరే భాగమన్న సంగతి తెలుసు. అమరకోశంలో వింటి నడిమి భాగానికి 'లస్తకం' అని ప్రత్యేకంగా పేరే ఉంది. రెక్క పని వంగి, తక్షణం తిరిగి నిటారుగా రావడం. పిడి పని కదలకుండా నిలబడటం. వింటినారిని లాగినప్పుడు రెండు రెక్కల బలమూ వచ్చి పడేది పిడి మీదే. గురివైపు ముఖం సాగుతుంది, విలుకాడివైపు ముఖం నొక్కుకుంటుంది. పైగా బాణం ఆనడానికి, గురి చూడటానికి పిడిలో ఒక పక్క చెక్క కోసేస్తారు. అంటే బలం అవసరమైన చోటే కలప తక్కువైపోతుందన్నమాట. అందుకే అక్కడ దిట్టమైన కలప కావాలి. బరువుగా ఉంటే ఇంకో లాభం ఉంది. బాణం వదిలినప్పుడు చేతికి కొట్టే అదురు తగ్గుతుంది.

మనవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. పాత .303 రైఫిల్‌కి, ఆ తర్వాతి 7.62 ఎస్.ఎల్.ఆర్.కి చెక్క బట్టు ఉండేది గుర్తుందిగా! అవిసె నూనె పట్టించి గుడ్డతో రుద్దిన చేతులే మనవి. రైఫిల్ బట్టుకి వాల్‌నట్‌ని మేలైనదిగా ఎంచుకున్నది అందం కోసం కాదు. దెబ్బకి చీలదు, వానకీ ఎండకీ అంతగా మెలితిరగదు, చేతికి మరీ బరువు కాదు. వింటి పిడికీ లెక్క దాదాపు అదే.

దూరదేశపు కలప కోసం విలుకాళ్ళు ఎదురుచూడటం కొత్తేమీ కాదు. మధ్యయుగపు ఇంగ్లండ్ సైన్యానికి పేరు తెచ్చిన పొడుగు విల్లు యూ అనే చెట్టు నుంచి వచ్చింది. ఆ చెట్టు వాళ్ళ దేశంలోనూ ఉంది కానీ, ముడులు లేని తిన్నటి కర్ర చాలినంత దొరికేది కాదు. అందుకని స్పెయిన్, ఇటలీ, ఆల్ప్స్ కొండల వైపు నుంచి తెప్పించుకునేవారు. 1472లో ఏకంగా చట్టమే చేశారు. ఇంగ్లండ్ రేవుకి వచ్చే వర్తక నౌక ప్రతి టన్ను సరుకుకీ నాలుగేసి వింటి కర్రలు తేవాలని! 1545లో మునిగి, 1982లో పైకి తీసిన మేరీ రోజ్ యుద్ధనౌకలో 130కి పైగా చెక్కుచెదరని విల్లులు దొరికాయి. ఆయుధం ఎంత ముఖ్యమో దాని ముడిసరుకు సరఫరా కూడా అంతే ముఖ్యమని సప్లై కోర్ మిత్రులకి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన దీవులకి వద్దాం. 1858లో బ్రిటిష్ వారు ఇక్కడ ఖైదీల వలస పెట్టారు. మరుసటి ఏడాది, 1859 మేలో, గ్రేట్ అండమానీలు తమ అడవిని కాపాడుకోవడానికి విల్లంబులతో అబర్డీన్ మీద విరుచుకుపడ్డారు. దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ ముందుగా కబురందించడంతో తుపాకులూ ఫిరంగులూ సిద్ధంగా ఉన్నాయి. ఓడిపోయారు. ఆ పోరాటానికి గుర్తుగా పోర్ట్ బ్లెయిర్ సముద్రపుటొడ్డున స్మారక చిహ్నం ఉంది. పోస్టింగ్‌లో ఉన్నవాళ్ళు ఒకసారి ఆగి చూడండి. ఆ పోరులో ఓడింది విల్లు పనితనం కాదు, బారుదు ముందు విల్లు నిలవలేదు, అంతే.

ఆ విల్లులు ఇక్కడి ఆంత్రపాలజికల్ మ్యూజియంలో చూడొచ్చు. దక్షిణ అండమాన్ విల్లు పైనా కిందా తెడ్డులా వెడల్పుగా, చదునుగా ఉంటుంది. మధ్యలో పట్టుకునే చోట సన్నగా, దళసరిగా ఉంటుంది. రెక్కలు వంగాలి, పిడి వంగకూడదు అన్న సూత్రాన్ని జిగురూ మరా లేకుండా ఒకే కర్రలో సాధించారు. జరావాలు విల్లుకి వాడే చెట్టుని ఇక్కడ చూయీ అంటారు. కలప పుస్తకాల్లో దాని పేరే అండమాన్ వింటి కలప. శాస్త్రీయ నామం సాజెరియా ఎలిప్టికా. మన సీతాఫలం కుటుంబానికి చెందిన చెట్టది. విచిత్రమేమిటంటే, ఎక్కడో వెస్టిండీస్ దీవుల్లో పుట్టి యూరప్‌లో విల్లులకీ గేలం బద్దలకీ పేరుపొందిన లాన్స్‌వుడ్ కూడా ఆ కుటుంబానిదే. రెండు సముద్రాలకి అటూ ఇటూ ఉన్న మనుషులు, ఒకరినొకరు ఎరగకుండానే, సాగి తిరిగొచ్చే గుణాన్ని ఒకే కుటుంబపు చెట్లలో పట్టుకున్నారు.

గమనించండి, ఎర్రగా మెరిసే పడౌక్ ఎదురుగా ఉన్నా జరావా దాన్ని విల్లుకి ఎంచుకోలేదు. ఒకే కర్రతో విల్లు చేసేవాడికి కావలసింది వంగే గుణం. పడౌక్ బలం వేరే. అది నిలబడే కలప. అందుకే దాని గిరాకీ వంగని పనుల్లో వచ్చింది. అండమాన్ పడౌక్ ఈ దీవుల్లో తప్ప సహజంగా మరెక్కడా పెరగదు. ఇప్పుడు అది ఈ దీవుల రాష్ట్ర వృక్షం. 1883లో అటవీ శాఖ వచ్చింది, అదే ఏడు చాతమ్ రంపపు మిల్లూ వచ్చింది. అడవిలో దుంగలు నరికింది, లాగింది చాలావరకు ఖైదీలే. దుంగలు చాతమ్ చేరి, పలకలై లండన్‌కీ అమెరికాకీ వెళ్ళాయి. అమెరికాలో దీన్ని వర్మిలియన్ అనే పేరుతో పుల్మన్ రైలు పెట్టెల అలంకరణకి వాడారు. దీని దాయాది బర్మా పడౌక్‌తో ఫిరంగి బండ్లు చేశారు. ఫిరంగి పేలినప్పటి కుదుపుని ఓర్చిన జాతి ఇది. 1942 మార్చిలో జపాన్ విమానాలు చాతమ్ మీద వేసిన బాంబు గొయ్యి ఇప్పటికీ మిల్లు ఆవరణలో ఉంది.

ఇంకో దాయాది మన ఇంట్లోనే ఉంది. శేషాచలం కొండల ఎర్రచందనం, మన అడవుల్లోని వేగిస, ఈ పడౌక్, మూడూ ఒకే ప్రజాతి. బరువులో మాత్రం తేడా ఉంది. ఘనపు మీటరు ఎండిన టేకు సుమారు 650 కిలోలు తూగితే, అండమాన్ పడౌక్ 700 దాటుతుంది. ఆఫ్రికా బుబింగా 850 పైన ఉంటుంది. ఎర్రచందనం చేవ అయితే నీళ్ళలో మునుగుతుంది. కాబట్టి పడౌక్ మధ్యస్థం. పిడికి చాలినంత బరువు, చెయ్యి నొప్పెట్టనంత తేలిక.

మా మేనల్లుడికి నేను చెప్పిన వరస ఇది. రంగు చివర చూడు, ముందు రేఖ చూడు. కలప రేఖలు పిడి పొడుగునా తిన్నగా సాగాలి. అందమైన మెలికల కోసం రేఖ పక్కకి జారిపోయిన ముక్క తీసుకుంటే, గురి కోసం కోసిన చోటే విరగొచ్చు. రెండోది, ఆరుదల. అండమాన్ గాలిలో తేమ ఎక్కువ. పచ్చి ముక్కని పొడి దేశానికి తీసుకెళ్తే ముడుచుకుని పగుళ్ళిస్తుంది. మూడోది, జిగురు. రెక్కల్ని పిడికి అతికించాలి కాబట్టి, నూనె కారే కలప అయితే అతుకు ఊడే ప్రమాదం ఉంది. పడౌక్ ఈ విషయంలో చాలావరకు మంచిది. నాలుగోది, పొట్టు. పడౌక్ రంపపు పొట్టు కొందరికి కళ్ళమంటలు, దురద తెస్తుంది, పని చేసేవాడు ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. రంగు సంగతంటావా, ఆ మెరిసే ఎరుపు ఎండ తగిలేకొద్దీ ముదురు గోధుమలోకి తిరుగుతుంది. ఎరుపు కోసమే కొంటే రెండేళ్ళలో నిరాశ తప్పదు.

ఇక అసలు ప్రశ్న. ముక్క పంపాలా? పంపనన్నాను. 2002 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ఈ దీవుల్లో వ్యాపారం కోసం జరిగే నరుకుడికీ, కలప బయటికి తరలించడానికీ అడ్డుకట్ట పడింది. ఆ ఉత్తర్వు వెనక నూరేళ్ళకి పైబడి దుంగలై వెళ్ళిపోయిన అడవి ఉంది. "ఒక్క ముక్కే కదా మామయ్యా, మీ సామానులో పెడితే ఎవరు చూస్తారు?" అన్నాడు. యూనిఫాం వేసుకున్నవాడికి ఆ మాట చెవిన పడకూడదు. "ఎవరూ చూడకపోయినా నేను చూస్తానుగా, ఒరేయ్" అన్నాను.

వాడు అక్కడే కొందామనుకున్నది ఆఫ్రికా పడౌక్. దానికీ కాగితాలు అడగమన్నాను. 2022లో పనామాలో జరిగిన సైటిస్ సమావేశం ఆఫ్రికాలోని ఈ ప్రజాతి చెట్లన్నిటినీ అనుమతి లేకుండా దేశాలు దాటకూడని జాబితాలో చేర్చింది. మన ఎర్రచందనం 1995 నుంచే ఆ జాబితాలో ఉంది. చివరికి వాడు తన రాష్ట్రంలోనే పెరిగిన వాల్‌నట్ తీసుకున్నాడు. మన రైఫిల్ బట్టు దాయాదే. నెల తర్వాత ఫోన్ చేసి, "విల్లు బాగుంది మామయ్యా, చేతికి అదురే లేదు" అన్నాడు.

ఇదంతా ఎందుకు రాశానంటే, ఈ దీవుల్లో విల్లు ఇంకా మ్యూజియం వస్తువు కాలేదు. 2004 సునామీ తర్వాత మన కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ క్షేమసమాచారం చూడటానికి ఉత్తర సెంటినల్ దీవి మీదకి వెళ్తే, ఒక దీవివాసి దాని మీదకి విల్లు ఎక్కుపెట్టిన ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆయన చేతిలోని విల్లుకి కలప ఆయన అడవిలోదే. మనకి పిడి కలప ఎంచుకోవడం సరదా, ఆయనకి అది జీవనం. ఆ అడవికి కాపలా ఉన్నవాళ్ళలో మన త్రివిధ దళాల, కోస్ట్ గార్డ్ సోదరులూ ఉన్నారు. పోస్టింగ్ అయిపోయి సామాను సర్దుకునేటప్పుడు, గుర్తుగా ఒక పడౌక్ ముక్క అని ఎవరైనా అంటే, ఈ వ్యాసం వాళ్ళకి చూపించండి. గుర్తుగా తీసుకెళ్ళడానికి చాతమ్‌లో చెక్కల వాసన ఉంది, అబర్డీన్ చరిత్ర ఉంది. అవి ఎన్ని మోసినా బరువు కావు, అనుమతీ అక్కర్లేదు.

జై హింద్.