ఏతం, కపిల, అశ్వశక్తి

భౌతికశాస్త్రంలో 'పని' అన్న మాటకు అర్థం చాలా కచ్చితం. ఎంత బలం ప్రయోగించాం, ఆ బలం దిశలో వస్తువు ఎంత దూరం కదిలింది, ఈ రెండింటినీ హెచ్చవేస్తే వచ్చేది పని. బస్తా నెత్తిన పెట్టుకుని గంటసేపు కదలకుండా నిలబడితే ఆ లెక్కలో చేసిన పని సున్న! ఈ మాట మన ఊళ్ళో హమాలీతో అంటే ఊరుకుంటాడా? ఈ అర్థాన్ని 1829లో కోరియోలిస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త స్థిరపరిచాడు. కానీ పనిని కొలవవలసిన అవసరం అంతకుముందే వచ్చింది. అది వ్యాపారం తెచ్చిన అవసరం.

జేమ్స్ వాట్, అతని భాగస్వామి బౌల్టన్ తమ ఆవిరి యంత్రాలను గనులకు ఇచ్చినప్పుడు, పాత న్యూకొమెన్ యంత్రంతో పోలిస్తే ఆదా అయిన బొగ్గు ఖరీదులో మూడో వంతు తీసుకునేవారు. మరి ఆవిరి యంత్రమే లేకుండా గుర్రాలతో మిల్లు నడిపేవాడికి ఏ లెక్క చెప్పాలి? అందుకే 1780లలో వాట్ గుర్రం పనినే కొలమానం చేశాడు. నిమిషానికి 33,000 పౌండ్ల బరువును ఒక అడుగు ఎత్తు లేపితే అది ఒక అశ్వశక్తి. ఇప్పటి లెక్కలో 746 వాట్లు.

ఇక్కడ మన పిల్లలు ఈ కథను స్కూల్లో ఎలాగూ చదువుతారు. దాని పక్కన మన బావుల దగ్గరి యంత్రాలను కూడా పెట్టి చూపాలని నా కోరిక.

ఏతం గురించి నాకు తెలిసింది చాలావరకు మా తాతగారి నోట విన్నదే. నిలువు గుంజల మీద అడ్డంగా ఆనించిన పొడవాటి మాను, దాని ఒక కొసన గడకు వేలాడే బాన. మాను మీద మనిషి బావి వైపు నడిస్తే బాన నీళ్ళలోకి దిగుతుంది, వెనక్కి నడిస్తే అతని బరువుకి పైకి లేస్తుంది. కింద ఒకడు బాన పట్టి కాలువలోకి వంచుతాడు. అడుగు తడబడకుండా, బానల లెక్క తప్పకుండా ఏతం పాటలు పాడేవారు. మాను మీంచి కాలు జారితే నడుం విరగవలసిందే.

ఇది తులాదండం, అంటే పిల్లల పుస్తకంలోని లీవర్. లీవర్ పనిని తగ్గించదు. మరి లాభం ఏమిటి? ఈజిప్టు షాదూఫ్‌లో మనిషి నేల మీద నిలబడి చేతులతో లాగుతాడు. మన ఏతంలో మనిషి నడుస్తాడు. శరీరంలో అన్నిటికన్నా బలమైన కండరాలు కాళ్ళవి. చేతులు చేయవలసిన పనిని కాళ్ళకు అప్పగించిన వాడెవడో గానీ, అతనికి నేను ఇంజనీరుగా దణ్ణం పెడతాను.

కపిలలో (తెలంగాణలో మోట అంటారు) ఉన్నది గిలక. ఒకచోట బిగించిన గిలక బలాన్ని తగ్గించదు, దిశను మాత్రం మారుస్తుంది. తొండం ఉన్న తోలు బానను లాగుతూ ఎద్దులు వాలు దిగుతాయి. వాటి బరువూ లాగడానికి కలిసివస్తుంది. కానీ ఆ వాలు మళ్ళీ వెనక్కి ఎక్కాలి కదా! దిగినప్పుడు తీసుకున్న అప్పు ఎక్కేటప్పుడు తీరుస్తాయి, కాకపోతే ఖాళీ బానతో. శక్తి ఊరికే రాదన్న సూత్రం ఆ ఎద్దులకు రోజూ అనుభవమే.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఆయిల్ ఇంజను పంపులను ప్రోత్సహించిన ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్, 1912లో 'లిఫ్ట్ ఇరిగేషన్' అనే పుస్తకం ప్రచురించాడు. తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి, ఏతాలు పోయాయి.

ఒక చిన్న లెక్క వేద్దాం. 20 లీటర్ల బాన, 4 మీటర్ల లోతు, నిమిషానికి నాలుగు బానలు అనుకుందాం. ఒక్కో బానకు సుమారు 784 జౌళ్ళు, అంటే 52 వాట్లు. అశ్వశక్తిలో పద్నాలుగో వంతు! ఇలా తొమ్మిదిన్నర గంటలు తోడితే దాదాపు 45 వేల లీటర్లు. సగం శక్తి నష్టపోయే మామూలు పంపు కూడా ఆ నీళ్ళను ఒక్క యూనిట్ కరెంటుతో తోడేస్తుంది. ఒక మనిషి రోజంతా పడ్డ శ్రమ ఒక యూనిట్!

అయితే సూత్రంలో ఎత్తు కూడా ఉంది. 4 మీటర్లలో అందిన నీరు 60 మీటర్ల బోరులోకి దిగిపోతే పని 15 రెట్లు అవుతుంది. రాయలసీమలో, తెలంగాణలో ఎన్నో పల్లెల్లో జరిగింది ఇదే. అదే పంపు, అదే యూనిట్, పైకి వచ్చే నీళ్ళు మాత్రం మూడు వేల లీటర్లు.