కోరంగి డాకు, పూడిక నేర్పిన పాఠం

మన నిడుగల్లు కొండకు సముద్రం చాలా దూరం. అయినా ఈ ఓడల కథ మనకు పరాయిది కాదు, ఎందుకంటే ఇది పూడిక కథ. చెరువున్న ప్రతి ఊరికీ పూడిక సంగతి తెలుసు. ఈ కొండనేలిన నిడుగల్లు చోళులు కూడా, కావేరికి కట్టలు కట్టించాడని పేరున్న కరికాలుడి వంశం మాదని శాసనాల్లో చెప్పుకున్నవాళ్లే.

కాకినాడకు దక్షిణాన, గోదావరి పాయ ఒడ్డున కోరంగి ఉంది. అక్కడ 1802లో ఎబినేజర్ రోబక్ ఓడల మరమ్మతుకు డాకు కట్టించాడు. అప్పట్లో కలకత్తాకూ శ్రీలంకలోని ట్రింకోమలీకీ నడుమ పెద్ద ఓడలు బాగుచేయించుకోవడానికి కోరంగి పేరెన్నికగన్న చోటు.

ఓడ నీళ్లలో ఉండగా దాని అడుగు బాగుచేయడం కుదరదు. అందుకని పోటు వచ్చినప్పుడు ఓడని డాకులోకి తెచ్చి, వాకిలి మూసి, నీళ్లు తోడేస్తారు. ఓడ దిమ్మెల మీద నిలబడుతుంది. వడ్రంగులు పుచ్చిన పలకలు మార్చి, సందుల్లో నార కూరి తారు పూస్తారు. పనయ్యాక మళ్లీ నీళ్లు వదిలితే ఓడ తేలుతుంది.

చోటు ఎంపిక బాగుంది. నది లోపల అలల దెబ్బ ఉండదు, చుట్టుపక్కల ఓడలు కట్టే పనివాళ్లున్నారు. కానీ ఆ గోదావరే ఏటా ఒండ్రు తెచ్చి పోసింది. 1839 నవంబరు తుఫాను ఊరిని ముంచేసింది. దారి మేట వేశాక పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి. డాకు ఎంత గట్టిదైతే ఏం లాభం?

తర్వాత విశాఖపట్నం రేవు కట్టేటప్పుడు ఇసుకను ముందే లెక్కలోకి తీసుకున్నారు. తీరం వెంట కొట్టుకొచ్చే ఇసుకను ఆపడానికి రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట చేశారు. డ్రెడ్జర్లతో ఇసుక తోడడం రోజువారీ పనుల్లో కలిపారు. 1933లో రేవు తెరుచుకుంది. 1941 జూన్ 21న సింధియా కంపెనీ ఓడల కార్ఖానాకు బాబూ రాజేంద్రప్రసాద్ పునాది వేశారు. అక్కడ కట్టిన 'జల ఉష'ను 1948 మార్చిలో నెహ్రూ నీళ్లలోకి దింపారు.

మరమ్మతు చోటు గీసేవాళ్లు షెడ్డు, క్రేను లెక్కలకన్నా ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. పాడైన ఓడ మిగతా ఓడలకు అడ్డం కాకుండా లోపలికి ఎలా వస్తుంది? ఆ దారిలో పూడిక ఎవరు తీస్తారు, ఎన్నాళ్లకోసారి తీస్తారు? చెరువు తవ్వించిన రోజే పూడిక తీసే బాధ్యత కూడా ఒకరికి అప్పజెప్పాలి. రేవుకైనా అంతే.