నాటకుండా తిరిగొచ్చిన అడవి

పచ్చదనం కోసం ఏం చేయాలని అడిగితే మనలో ఎవరైనా మొదట చెప్పేది మొక్కలు నాటాలనే. 1950లో కేంద్ర మంత్రిగా కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టినప్పటి నుంచి ఏటా వానాకాలంలో గుంతలు తవ్వి, మొక్క పెట్టి, లెక్క రాసుకోవడం మనకు ఆనవాయితీ అయింది. ఆ లెక్క వద్దని నేననను. అయితే ఒక నేలకు సొంతమైన మొక్కలను బతికించుకోవడానికి జీతం ఆశించకుండా పనిచేసినవాళ్ల చరిత్ర తిరగేస్తే మరో సంగతి బయటపడుతుంది. ఆస్ట్రేలియాలో ఈ పనికి దారి వేసినవాళ్లు నాటింది తక్కువ, అడ్డు తొలగించింది ఎక్కువ. అడవి తనంతట తాను తిరిగి రాగలదనీ, దానికి చోటిచ్చి ఓపిక పట్టడమే మనిషి వంతనీ వాళ్ల అనుభవం చెబుతోంది. సర్కారు పథకానికి గడువుంటుంది, గుత్తేదారుకు బిల్లుంటుంది. ఆ ఓపిక పట్టగలిగేది తన చుట్టూ ఉన్న నేల మీద మమకారంతో వచ్చే స్వచ్ఛంద కార్యకర్తే.

న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానికి పడమటి కొసన బ్రోకెన్ హిల్ అనే గనుల పట్టణం ఉంది. 1883లో అక్కడ వెండి, సీసం, జింకు ఉన్న ఖనిజం బయటపడింది. గనుల్లో ఆసరా దుంగలకు, పొయ్యిలో కట్టెలకు చుట్టుపక్కల చెట్లన్నీ నరికేశారు. మిగిలిన పచ్చికను పశువులు, కుందేళ్లు మొదలంటా మేసేశాయి. వట్టిపోయిన నేల మీద నుంచి లేచిన ఇసుక ఊరిని కమ్మేసేది. గనిలో లోహ పరీక్షలు చేసే ఉద్యోగి ఆల్బర్ట్ మోరిస్ తీరిక వేళల్లో ఆ ఎడారి మొక్కలను పరిశీలించాడు. 1920లో తోటి ప్రకృతి ప్రేమికులతో కలిసి ఒక సంఘం పెట్టాడు. నేలలో విత్తనం ఇంకా ఉంది, మొలకను మేత నుంచి కాపాడితే చాలన్నది ఆయన తేల్చుకున్న విషయం. 1936లో ఒక గని సంస్థ తోడ్పాటుతో ఊరి అంచున కంచె వేశారు. కొన్నిచోట్ల మొక్కలు నాటిన మాట నిజమే, కానీ విశాలమైన భాగంలో పని చేసింది కంచె, వాన, నేలలోని విత్తనం. ఉప్పునేలను ఓర్చుకునే పొదలు, గడ్డి, తుమ్మజాతి చెట్లు వాటంతట అవే లేచాయి. మోరిస్ 1939లో కన్నుమూశాడు. ఆ తరవాతి దశాబ్దాల్లో కంచె ఊరి చుట్టూ విస్తరించింది.

పశువులను ఆపడానికి కంచె చాలు, కలుపును అది ఆపలేదు. ఆ చిక్కుముడిని 1960లలో సిడ్నీ రేవు ఒడ్డున మోస్‌మన్ ప్రాంతానికి చెందిన అక్కాచెల్లెళ్లు ఐలీన్ బ్రాడ్లీ, జోన్ బ్రాడ్లీ విప్పారు. దగ్గర్లోని ఆష్టన్ పార్క్ చిట్టడవిని లాంటానా, ప్రివెట్ వంటి పరాయి మొక్కలు మింగేస్తున్నాయి. వాటిని ఒక్కసారిగా నరికి శుభ్రం చేసిన చోట మళ్లీ అవే రెట్టింపుగా మొలవడం వాళ్లు గమనించారు. నడకకు వెళ్లినప్పుడల్లా కాసిన్ని చేత్తో పీకిన చోట మాత్రం స్థానిక మొక్కలు నిలదొక్కుకున్నాయి. దాన్నుంచి మూడు సూత్రాలు కట్టారు. అడవి బాగా ఉన్న చోట మొదలుపెట్టి, పాడైన చోటి వైపు నెమ్మదిగా జరగాలి. మట్టిని వీలైనంత తక్కువగా కదిలించి, రాలిన ఆకులను మళ్లీ దాని మీదే పరవాలి. ఖాళీ అయిన చోటును స్థానిక మొక్కలు ఎంత వేగంగా నింపుకుంటే అంత వేగంగానే కలుపు తీయాలి. కలుపు దట్టంగా ఉన్న చోటే ముందు పడి నరకాలనిపించడం మనిషి సహజం. ఈ పద్ధతి సరిగ్గా దాన్నే వద్దంటుంది, ఎందుకంటే ఎండ తగిలిన ఉత్త మట్టి కలుపు విత్తనానికి పిలుపు లాంటిది. 1971లో ఈ పద్ధతిని చిన్న పుస్తకంగా అచ్చేశారు. ఐలీన్ 1976లో, జోన్ 1982లో పోయారు. జోన్ రాసిన సమగ్ర గ్రంథం 1988లో వెలువడింది.

ఇంత నెమ్మదైన పని ఎన్ని ఎకరాలను కాపాడుతుందన్నది మొదటి ఆక్షేపణ. న్యాయమైన ప్రశ్నే. కానీ వేగంగా తెరిపి చేసిన ఎకరం మళ్లీ కలుపు పాలైతే ఆ వేగం ఎవరికి లాభం? పైగా ఈ పని ఇద్దరు మహిళల దగ్గరే ఆగిపోలేదు. 1970లలో న్యూ సౌత్ వేల్స్ నేషనల్ ట్రస్ట్ దీన్ని చేపట్టి శిక్షణ పొందిన పనివాళ్లను పెట్టింది. కాలక్రమంలో స్వచ్ఛంద బృందాలు ఊరూరా పుట్టాయి. స్వచ్ఛంద సేవ ప్రభుత్వ బాధ్యతకు ఎగనామం పెట్టే సాకు అవుతుందని భయపడేవాళ్లకు ఇదే జవాబు: ఇక్కడ కార్యకర్తలే ముందు దారి చూపారు, సంస్థలు వెనక వచ్చాయి. రెండో ఆక్షేపణ మరింత బలమైనది. విత్తనమే మిగలని నేల సంగతేమిటి? అక్కడ నాటక తప్పదు. మంట తగిలితే గానీ మొలకెత్తని గట్టి పెంకు విత్తనాలూ ఆస్ట్రేలియాలో చాలా ఉన్నాయి. ఆదివాసులు వేల ఏళ్లుగా అదుపులో పెట్టిన మంటతో ఆ నేలను సంరక్షించారు. కాబట్టి నేలను వీలైనంత తక్కువగా కదిలించాలన్న సూత్రం అన్ని చోట్లా చెల్లదు. తరవాతి కార్యకర్తలు దీన్ని ఒప్పుకొని మంటనూ తమ సాధనాల్లో చేర్చుకున్నారు. నేల మాట విని నడవాలన్న అసలు సూత్రం దీంతో చెడలేదు, ఇంకా బలపడింది.

పరాయి మొక్క మీద ఈ పగ దేనికన్నది మూడో ఆక్షేపణ. మన మిరప, టమాటా, వేరుశనగ సముద్రాలు దాటి వచ్చినవే కదా? పుట్టిన చోటు నేరం కాదు, తోటి మొక్కను బతకనివ్వకపోవడమే ఇక్కడి లెక్క. మిరప పొలం దాటి అడవిని ఆక్రమించలేదు. లాంటానా అలా కాదు. తోట పువ్వుగా 19వ శతాబ్దం తొలి ఏళ్లలో కలకత్తా ఉద్యానవనానికి వచ్చి దేశమంతా అడవులకు ఎక్కింది. మన సర్కారు తుమ్మ కథ ఇంకా దగ్గరిది. మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ కోరికపై జమైకా నుంచి విత్తనం తెప్పించి 1878లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. కరవు సీమకు కట్టెలు దొరకాలన్న సదుద్దేశంతో నాటిన ఆ చెట్టే ఈ రోజు చెరువు గట్లనూ, బీళ్లనూ ఆక్రమించింది. అది ఎందరో పేదలకు పొయ్యిలో కట్టె, బొగ్గు బట్టీల ఉపాధి కూడా. అందుకే దాన్ని ఒక్కసారిగా పెకలించమని ఎవరూ అనకూడదు. బాగున్న చోటి నుంచి మొదలుపెట్టి, స్థానిక మొక్క తిరిగొచ్చేంత మేరకే జరగమన్న సూత్రం ఇక్కడ మనుషుల పట్ల కూడా న్యాయమైనదే. తిరుపతి–కడప కొండల్లో తప్ప సహజంగా మరెక్కడా పెరగని అరుదైన సైకస్ జాతి మొక్క కూడా ఆ బెడ్డోమ్ పేరునే మోస్తోంది. ఒకే మనిషి పేరు తెచ్చిపెట్టిన చెట్టుకూ, కాపాడుకోవలసిన మొక్కకూ ముడిపడి ఉండటం మనకొక హెచ్చరిక: నాటడం ఒక్కరోజు పని, దాని ఫలితం నూరేళ్లది.

అందుకని ఈ వానాకాలం మొక్క పట్టుకొని బయల్దేరే ప్రతి బృందానికీ ఒక విన్నపం. గుంత తవ్వేముందు ఆ చోట ఏం మొలుస్తోందో ఒంగి చూడండి. పేర్లు తెలియకపోతే ఊరి గొర్రెల కాపరినో, నాటు వైద్యుణ్నో అడగండి. ఇంకా పాడుకాని ఒక చిన్న ముక్కను ఎంచుకొని, దాని అంచున మొలిచిన కంపను వేరుతో సహా తీసి, మళ్లీ నెలకు వచ్చి చూడండి. నాటిన మొక్కల లెక్కతో పాటు, తనంతట తాను తిరిగొచ్చిన మొక్కల లెక్క కూడా రాసిపెట్టండి. ఊరి నేల కోలుకుంటోందో లేదో చెప్పేది ఆ రెండో లెక్కే.