ప్యాసింజర్ బండి ఎవరిది? పట్టాల వెంట మన చరిత్ర

ఈసారి పోస్టు ప్యాసింజర్ రైలు గురించి. అడవి, బొగ్గు, భూమి గురించి రాయకుండా రైలేంది అనుకోకండి, చదువుతూ పోతే అవన్నీ ఈ బండిలోనే ఎక్కుతయి. కొంచెం పెద్ద పోస్టు, ఓపికతో చదవండి.

సికింద్రాబాద్‌లో ఒక రకం మనుషులు ఉంటరు. వాళ్లకు ఏ ఊర్లోనూ పనుండదు. అయినా సెలవు దొరికితే స్టేషన్‌కు పోయి, తొందరగా పోయే ఎక్స్‌ప్రెస్‌ను వదిలేసి, అన్ని స్టేషన్లలో ఆగే బండి కోసం కూర్చుంటరు. కాజీపేట దాకా పోయి, ప్లాట్‌ఫాం మీద చాయ్ తాగి, ఎదురొచ్చే బండిలో వాపస్ వస్తరు. ఇంకొందరు రాత్రంతా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం చేసి విశాఖపట్నంలో దిగుతరు. సముద్రం దిక్కు కూడా చూడరు. పొద్దున్నే అక్కడ బయలుదేరే కిరండోల్ బండి పట్టుకుని అరకు కొండలెక్కుతరు. వీళ్లకు రైలే ఊరు.

మన హాస్టల్ పిల్లలకు ఈ సంగతి చెప్తే నవ్వొస్తది. మనకు ప్యాసింజర్ అంటే చవక టికెట్, నిలబడే జాగ, సంచిలో అమ్మ పెట్టిన జొన్నరొట్టె. సరదాకు ఎవడెక్కుతడు? కానీ ఈ ప్రశ్నను కొంచెం లోతుగా చూస్తే, ఎవరు ఏ బండి ఎందుకెక్కుతరు అన్నదాంట్లో మన నూటయాభై ఏళ్ల చరిత్ర కనపడుతది.

ముందు సరదా సంగతి. విహారానికి రైలెక్కుడు పెద్దోళ్ల అలవాటుగా మొదలు కాలేదు. 1841 జూలై 5న ఇంగ్లండులో థామస్ కుక్ అనే మనిషి లెస్టర్ నుంచి లఫ్‌బరోకు సుమారు 500 మందిని ఒక్క షిల్లింగ్ ఛార్జీకి తీసుకపోయిండు. మద్యం మానాలనే ఉద్యమం సభ కోసం ఆ ప్రయాణం. రైలు కూలోనికి కూడా విహారం ఇచ్చింది. మన దేశంలో రైలు కంపెనీలు మొదట్లో ఇక్కడి పేదోళ్లు టికెట్ కొని ఎక్కుతరా అని అనుమానపడ్డయి. కాని జాతరలకు, తీర్థాలకు, చుట్టాల ఊర్లకు జనం విరగబడి ఎక్కిండ్రు. ప్రయాణికుల మీద వచ్చే ఆదాయంలో ఎక్కువ భాగం మూడో తరగతి నుంచే వచ్చింది. అయినా ఆ బోగీల హాలు ఎట్లుండేదో 1917లో గాంధీ ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. మూడో తరగతి అనే పేరు పోవడానికి 1974 దాకా పట్టింది.

ఇప్పుడు మన దిక్కు వద్దాం. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. బొంబాయి–మద్రాసు లైనుకు నిజాం రాజధానిని కలపడానికి వేసిన దారి అది. తర్వాత ఆ లైనును తూర్పుకు పొడిగించాలని, చాందా వైపు కూడా వేయాలని పథకం వచ్చింది. లండన్‌లో పెట్టిన కంపెనీకి లాభం వచ్చినా రాకున్నా వడ్డీ కట్టే పూచీ నిజాం సర్కారుది. అందుకే ఆ రైల్వే పేరులోనే ‘గ్యారంటీడ్’ అనే మాట ఉంటది. 1883లో హైదరాబాద్‌లో చదువుకున్నోళ్లు ఈ లెక్కలు బయట పెట్టాలని అడిగిండ్రు. అడిగినందుకు అఘోరనాథ్ చటోపాధ్యాయను రాజ్యం నుంచి వెళ్లగొట్టిండ్రు. ఆయన సరోజినీ నాయుడు తండ్రి, నిజాం కాలేజీకి ముందటి తరం గురువు. రైలు ఎవరి సొమ్ముతో, ఎవరి లాభానికి అనే ప్రశ్న మన నేల మీద అప్పుడే లేచింది.

లైను తూర్పుకు ఎందుకు తిరిగిందో చూడండి. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించిండు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి గనుల హక్కులు దక్కినయి. అదే ఏడు రైలు వరంగల్ చేరింది, 1889 కల్లా బెజవాడ తగిలింది. డోర్నకల్ దగ్గర ఒక కొమ్మ విడిపోయి ఇల్లెందు బొగ్గు దిక్కు పోయింది. కోయ పల్లెల నడుమ పడ్డ ఆ పట్టాలు బొగ్గు వేగన్ల కోసం పడ్డయి. కారేపల్లి దగ్గర సింగరేణి అనే చిన్న ఊరి పేరు 1920లో కంపెనీ పేరైంది. ఇవాళ సింగరేణి అంటే దేశమంతా కంపెనీ గుర్తుకొస్తది, ఊరు ఎవరికీ గుర్తు రాదు.

ఉత్తరాన కాజీపేట నుంచి బల్లార్షా దాకా లైను 1929 నాటికి పూర్తయింది. పెద్దపల్లి, రామగుండం, గోదావరి దాటితే మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాద్ రోడ్, సిర్పూర్. మద్రాసుకు, ఢిల్లీకి ఇది దగ్గరి తోవ అయింది. గోండులు, కొలాములు బతికిన అడవి అంచున పట్టాలు పడ్డంక కలప పోవడం సులువైంది, బయటోళ్లు రావడమూ సులువైంది. 1938లో కాగితం మిల్లు పెట్టిన కొత్తపేట కాగజ్‌నగర్ అయింది, మిల్లుకు వెదురు అడవి నుంచి వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడైన నాటికి ఆసిఫాబాద్ దిక్కు రైలు తిరగబట్టి పదేళ్లు దాటింది. భీం అడిగిన జల్, జంగల్, జమీన్ ఎటు పోతున్నయో చెప్పడానికి స్టేషన్ యార్డు ఒక సాక్ష్యం. తర్వాత వచ్చిన హైమన్‌డార్ఫ్, గోండుల భూములు వలసదారుల చేతుల్లోకి ఎట్ల జారినయో పుస్తకాలు రాసిండు.

ఇక్కడ స్టేషన్ పేర్లు గమనించండి. ఆసిఫాబాద్ రోడ్, రేచిని రోడ్, భద్రాచలం రోడ్. ‘రోడ్’ అని ఉంటే ఆ ఊరు అక్కడ లేదని అర్థం. ఊరికి పోవాలంటే అక్కడ దిగి రోడ్డు పట్టుకోవాలి. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ రెబ్బెన దగ్గరుంది. భద్రాచలం రోడ్ అనేది అసలు కొత్తగూడెం, అక్కడి నుంచి భద్రాచలం సుమారు 40 కిలోమీటర్లు, మధ్యలో గోదావరి. పట్టాలు గని దగ్గరికి సరిగ్గా పోయినయి, మన ఊర్ల దగ్గరికొచ్చేసరికి ‘రోడ్’ అని బోర్డు పెట్టి ఆగినయి. ఆ దూరం పూడ్చడానికి నిజాం రైల్వేనే 1932లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఇవాళ్టి ఆర్టీసీకి మూలం అదే.

అరకు లైను కథ ఇంకా విచిత్రం. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం జపాన్‌కు పంపాలని 1960లో ఒప్పందం అయింది. ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి కొత్తవలస–కిరండోల్ లైను వేసిండ్రు. నాలుగు వందల కిలోమీటర్లకు పైగా పొడవు, 58 సొరంగాలు. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, శిమిలిగుడ. శిమిలిగుడ స్టేషన్ సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంటది. బగత, కొండదొర, కోటియా, పోర్జా జనం ఉన్న కొండలను తొలిచి లైను వేసింది గూడ్సు కోసం. ఆ గూడ్సుల మధ్యలో ఒక్క ప్యాసింజర్ తిప్పిండ్రు. ఇవాళ ఆ ఒక్క బండి కోసమే సికింద్రాబాద్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి పోతున్నరు.

మన ఖనిజం పోయిన జపాన్‌లో, రైలెక్కడమే సరదాగా ఉన్నోళ్లకు ఒక పేరే ఉంది, ‘నొరితెత్సు’. మియావాకి షుంజో అనే సంపాదకుడు సెలవు రోజుల్లో తిరిగి తిరిగి ఆ దేశపు ప్రభుత్వ రైలు మార్గాలు సుమారు 20,000 కిలోమీటర్లు మొత్తం చుట్టి 1978లో పుస్తకం రాసిండు. తర్వాత 1980లలో, 1987 ప్రైవేటీకరణ చుట్టూ, అక్కడ చిన్న లైన్లు చాలా మూతపడ్డయి. చిన్న లైను మూసే రోజు ఫోటోలు తీసుకోవడానికి ప్లాట్‌ఫాం నిండా జనం రావడం అక్కడ ఆనవాయితీ. ఆఖరి రోజు వచ్చే వెయ్యి మంది కంటే, మామూలు మంగళవారం నాడు ఎక్కే పది మందే లైనును బతికిస్తరు. ఇది మనం గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి.

ఎందుకంటే మన ప్యాసింజర్లకూ అదే గండం వచ్చింది. కరోనా టైంలో బండ్లన్నీ ఆగినయి. తిరిగి నడిచినప్పుడు చాలా ప్యాసింజర్లు ‘ఎక్స్‌ప్రెస్ స్పెషల్’ పేరుతో వచ్చినయి. బండి అదే, బోగీ అదే, ఆగుడూ దాదాపు అదే. కనీస ఛార్జీ మాత్రం 10 రూపాయల నుంచి 30 అయింది. తునికాకు కాలంలో కూలికి పోయే మనిషికి, వారం సంతకు ఇప్పపువ్వో చీపుర్లో తీసుకపోయే అవ్వకు ఆ 20 రూపాయల తేడా చిన్నది కాదు. 2024 ఫిబ్రవరి చివరలో పాత ఛార్జీ తిరిగి పెట్టిండ్రు. కాని కొన్ని బండ్లు పూర్తిగా ఎక్స్‌ప్రెస్ జాబితాలోకి పోయినయి. సికింద్రాబాద్ నుంచి కొత్తగూడెం పోయే కాకతీయ, కొత్తగూడెం నుంచి సిర్పూర్ దిక్కు పోయే సింగరేణి, రెండూ మనోళ్ల నోట ఇంకా ప్యాసింజర్లే, బోర్డు మీద మాత్రం ఎక్స్‌ప్రెస్‌లు.

చిన్న స్టేషన్‌లో బండి ఆగాలా వద్దా అనేది అక్కడ అమ్మిన టికెట్ల లెక్క చూసి తేలుస్తరు. 2024 జనవరిలో వరంగల్ జిల్లా నెక్కొండ జనం ఏం చేసిండ్రో చాలామంది చదివే ఉంటరు. ఆదాయం చాలదని ఒక బండి ఆగుడు పోయింది, ఇంకోదానికి తాత్కాలికంగా ఇచ్చి మూడు నెలల్లో ఆదాయం చూపమన్నరు. సుమారు 400 మంది వాట్సాప్ గ్రూప్ పెట్టుకుని, తలా ఇంత వేసుకుని, ప్రయాణం లేకున్నా టికెట్లు కొన్నరు. అది చదివి చాలామంది నవ్విండ్రు. నాకైతే రైల్వే భాషలో రైల్వేతో మాట్లాడినట్టు అనిపించింది.

నేను అడిగేది అంతకంటే సులువు. టికెట్ కొందాం, కొని ఎక్కుదాం కూడా. సికింద్రాబాద్ నుంచి ఇంటికి పోయేటప్పుడు పది సార్లలో ఒక్కసారి, తొందర లేని రోజున, కావాలనే చుట్టు తిరుగుదాం. బస్సు వదిలి కాకతీయ ఎక్కి డోర్నకల్, కారేపల్లి మీదుగా పోదాం. ఇంకోసారి సింగరేణి బండి ఎక్కి ఒక బొగ్గు పట్టణం నుంచి ఇంకో బొగ్గు పట్టణం దాకా పోదాం. కోయ నేల నుంచి గోండు నేల దాకా ఒక్క బండిలో చూడొచ్చు. లూప్ లైనులో మన బండిని అరగంట నిలబెట్టి పక్క నుంచి బొగ్గు గూడ్సు పోయేటప్పుడు, పైన రాసిన చరిత్ర మొత్తం కిటికీలో నుంచి కనపడుతది. ఎవరు ముందు పోవాలో, ఎవరు ఆగాలో ఆ సిగ్నలే చెప్తది.

ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. సరదా ప్రయాణం కడుపు నిండినోళ్ల పని కదా, బోగీలో నిజంగా అవసరం ఉన్నోళ్ల జాగ మనం తీసుకున్నట్టు కాదా? నిజమే. సంత రోజు, పండుగ రద్దీలో, మేడారం జాతరకు జనం కదిలేటప్పుడు సరదాకు ఎక్కొద్దు. అవసరమున్నోళ్లకు లేచి సీటివ్వాలి. ఇంకో మాట, అరకు బండికి 2017లో అద్దాల బోగీ తగిలించిండ్రు. అందులో కూర్చున్నోళ్లకు కొండ, సొరంగం, జలపాతం కనపడుతయి. పొలంలో వంగిన మనిషి కూడా వాళ్ల కెమెరాలో ఒక దృశ్యం అయిపోతడు. అదే బండి జనరల్ బోగీలో ఆ మనిషి అక్కచెల్లెళ్లు బుట్టలతో నిలబడి ఉంటరు. మనం ఎక్కాల్సింది వాళ్లున్న బోగీ. మనం చూసేటోళ్లం కూడా, చూడబడేటోళ్లం కూడా. రెండు దిక్కులా కూర్చున్న అనుభవం మనకే ఉంది, కాబట్టి మన ప్రయాణం వేరేగా ఉండాలి.

సరదా కూడా హక్కే. పనికి, ఆస్పత్రికి, పరీక్షకు, కేసుకు మాత్రమే మనం రైలెక్కాలని ఎక్కడ రాసుంది? మన అడవి కలప ఏ పనీ చెప్పకుండా ఎక్కింది, మన బొగ్గు ఎక్కింది, మన ఇనుము సముద్రం దాటింది. మనం ఒక్క ఆదివారం ఊరికే కూర్చుని పోతే తప్పేంలేదు.

చివరిగా ముందుచూపు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒడిశా మల్కనగిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు సుమారు 173 కిలోమీటర్ల కొత్త లైనుకు ఆమోదం ఇచ్చింది. కోయ నేల నడుమ నుంచి పోయే లైను అది. భూమి ఎవరిది పోతది, గ్రామసభను అడుగుతరా, పట్టాలు పడ్డంక ఎన్ని ప్యాసింజర్లు తిరుగుతయి, ఎన్ని ఊర్ల దగ్గర ఆగుతయి అనేవి ఇప్పుడే అడగాలి. 1883లో లెక్క అడిగినోళ్లను వెళ్లగొట్టిండ్రు. ఇప్పుడు అడగడానికి మన చేతుల్లో పెసా ఉంది, అటవీ హక్కుల చట్టం ఉంది, సమాచార హక్కు ఉంది.

ఒక పని చేద్దాం. మీ ఊరికి దగ్గరి స్టేషన్ పేరు, దాన్ని గోండీలో, కోయలో, కొలామీలో, గోర్‌బోలీలో, మీ భాషలో పెద్దలు ఏమని పిలుస్తరో కింద రాయండి. మీ తాతో అవ్వో మొదటిసారి రైలెక్కింది ఎప్పుడు, ఎందుకు అని అడిగి రాయండి. పట్టాలు వేసిన కంపెనీల లెక్కలు కాగితాల్లో ఉన్నయి, ఎక్కినోళ్ల లెక్క మన ఇండ్లల్లోనే ఉంది. వచ్చే నెల రద్దీ లేని ఆదివారం చూసుకుని డోర్నకల్ దాకా పోదామనుకుంటున్న. వచ్చేటోళ్లు చెయ్యెత్తండి. టికెట్ ఎవరిది వాళ్లే కొనాలె, కౌంటర్ దగ్గరనే కొనాలె.

జోహార్.