బండి వెనక బండి, తరం వెనక తరం

1975 జులై. లండన్‌లోని లైసియం థియేటర్‌లో బాబ్ మార్లే రెగే కచేరీ. బయట నిలబెట్టిన రోలింగ్ స్టోన్స్ వాళ్ల రికార్డింగ్ బండి ఆ పాటలతో పాటు జనం గొంతునూ పట్టేసింది. ‘నో వుమన్ నో క్రై’ అంతకుముందే ఆల్బమ్‌లో వచ్చింది. స్టూడియోలో నాలుగు నిమిషాల లోపే ముగిసిన ఆ పాట వేదిక మీద ఏడు నిమిషాలు సాగింది. ఏడాది చివర్లో ‘లైవ్!’ పేరుతో రికార్డు వచ్చాక లోకం గుర్తుపెట్టుకున్నది స్టూడియో పాటను కాదు, జనం వంత పాడిన పాటను. మార్లే పోయాక పుట్టినవాళ్లు కూడా దాన్నే పాడుతున్నారు.

వంతతోనే బతికిన పాట మనకూ ఒకటుంది. ‘బండెనక బండి కట్టి’ సూర్యాపేట గడ్డ మీద పుట్టింది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో యాదగిరి అనే కవి దాన్ని కట్టాడు. మొదట గురిపెట్టింది ఎర్రపాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి మీదేనంటారు. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాసిన లెక్క ప్రకారం ప్రతాపరెడ్డి కింద ఉన్న భూమి 1,50,000 ఎకరాలు. దొర ఎదురైతే తల దించుకుని పక్కకు తప్పుకోవాల్సిన రోజులవి. అలాంటి దొరను పాట ఏకవచనంలో పిలిచి నిలదీసింది. ఒక్కడే అంటే నాలుక తెగ్గోసేవారు. ఊరంతా కలిసి అంటే ఎవరిదని కోస్తారు?

పాట కట్టుబడిలోనే ఆ ఉపాయం ఉంది. ఒకరు ఎత్తుకుంటారు, గుంపు అందుకుంటుంది. కాగితం అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. రెండు చరణాలయ్యేసరికి కొత్తగా వచ్చినవాడి నోటికీ వంత పట్టుబడుతుంది. పైగా పిలుపు చోట పేరు మార్చుకోవచ్చు. దేశ్‌ముఖ్ ఉన్న చోటికి తర్వాత నైజాం సర్కారు వచ్చింది. పోరు సాగేకొద్దీ పాట కూడా పెద్ద శత్రువును వెతుక్కుంది.

ఆ పాటకు తోడూ ఉంది. మల్లు స్వరాజ్యం ఉయ్యాల పాటల బాణీల్లో పోరు పాటలు పాడుతూ ఊళ్లు తిరిగారు. కృష్ణా తీరంలో ప్రజానాట్యమండలి అప్పటికే బుర్రకథను ఉద్యమంలోకి దించింది. అందులోనూ అదే పద్ధతి: కథకుడు ఎత్తుకుంటాడు, వంతలు అందుకుంటారు.

1951లో పోరాటం ఆగింది. పాట మాత్రం నోళ్లలో ఉండిపోయింది. 1979లో గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ దాన్ని తెరకెక్కించింది. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు. గాయకుడు గద్దర్ తెర మీద కనిపించి స్వయంగా పాడారు. పోరాటాన్ని చూడని తరానికి పాట ఇలా చేరింది. ఆ తర్వాత గోచీ, గొంగడి, కర్ర, కాలి గజ్జెలతో ఆయన వేదికెక్కితే పాట ఎప్పుడు ముగుస్తుందో జనమే తేల్చేవారు. ఆయన క్యాసెట్లు ఊరూరా తిరిగాయి. 2002లో మొదలైన ధూంధాం సభలు ఆ పద్ధతినే తెలంగాణ ఉద్యమంలోకి తెచ్చాయి. 2023 ఆగస్టు 6న గద్దర్ కన్నుమూశారు. ఇప్పటి పిల్లలు ఆయన సభలను యూట్యూబ్‌లో చూస్తున్నారు. అందులో ఆయన గొంతెంత వినబడుతుందో జనం గొంతూ అంత వినబడుతుంది.

తాత నోట విన్నవాడికీ, సినిమాలో విన్నవాడికీ, ఫోన్‌లో విన్నవాడికీ పాట ఒకేలా తగులుతోందంటే కారణం అదే. వినేవాడికి అందులో ఒక వాటా ఉంది. వంత పాడేవాడు లేకపోతే పాట సగమే.

ఇప్పుడు పార్టీలూ ఈ పాటను వాడుకుంటున్నాయి. కారు వెనక కారుగా కాన్వాయ్‌లో దిగిన నాయకుడి సభలోనూ ఇదే మోగుతుంది. యాదగిరి ఎలాంటి బండ్ల వరుసను చూసి ఈ పాట కట్టాడో తెలిసిన నాయకుడైతే, చప్పట్లు కొట్టేముందు కాస్త ఆగుతాడు.